కెమెరా గీతలు, దీన్ దయాళ్ గాజు పలక

మన హెబ్బగోడిలో పండగకి కలిసినప్పుడల్లా చివర్లో గ్రూప్ ఫోటో ఉంటుంది. డిజిటల్ కెమెరా తెర మీద అడ్డంగా, నిలువుగా గీతలు, మొహాల అంచుల వెంట ఎర్ర రంగు. "ఇవన్నీ ఎందుకండీ, తీసేయొచ్చా?" అని గ్రూపులో అడిగారు. తీసేయకండి. వాటి పూర్వీకులు 130 ఏళ్ల కిందటే మన హైదరాబాదులో ఉన్నాయి.

రాజా దీన్ దయాళ్ పేరు వినే ఉంటారు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగం చేస్తూ ఫోటోలు మొదలుపెట్టారు. తర్వాత సికింద్రాబాదులో స్టూడియో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువు.

ఆనాటి పెద్ద కెమెరా వెనక గరుకు గాజు పలక ఉండేది. నల్లగుడ్డ కప్పుకుని చూస్తే బొమ్మ దాని మీద తలకిందులుగా పడేది. ఎంత నవాబుగారైనా సరే, తలకిందులే! భూతద్దం పెట్టి కంటి రెప్పలు తేటగా ఉన్నాయో లేదో చూసి ఫోకస్ సరిచేయాలి. ఆ తర్వాత గాజు పలక స్థానంలో ప్లేటు అమర్చాలి. ఇక ఫోటోగ్రాఫరుకి బొమ్మ కనపడదు. ఈలోగా ఎవరైనా కాస్త ముందుకు వంగారా, ఆ మొహం మసకే.

మీ కెమెరాలో ఫోకస్ మాగ్నిఫయర్ ఆ భూతద్దమే. గ్రిడ్ గీతలు కూడా పాతవే. స్తంభాలు, గోడలు ఒరగకుండా చూసుకోవడానికి గాజు పలక మీద గీసుకునేవారు. పీకింగ్ ఒక్కటే కొత్తది. వెలుగునీడల తేడా గట్టిగా ఉన్న అంచుల్ని వెతికి రంగు పూస్తుంది. అందుకే మొహం కంటే ముందు పట్టుచీర జరీ మెరిసిపోతుంది! ఆ రంగుని నమ్మకుండా ఒక మొహం మీద జూమ్ చేసి చూడండి. మూడు నాలుగు వరసలుంటే ఎఫ్ 8 దగ్గర పెట్టి, రెండో వరస మీద ఫోకస్ చేయండి.

ఫ్రేములోకి ఎవరు వస్తారన్నది ఇంకా పెద్ద సంగతి. పరదాలో ఉండే స్త్రీలు పరాయి మగవాడి కెమెరా ముందుకి ఎలా వస్తారు? 1892లో దీన్ దయాళ్ హైదరాబాదులో వాళ్ల కోసమే జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తు గోడలు, లోపల పనివాళ్లంతా ఆడవాళ్లే, నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. నా మటుకు ఆయన తీసిన రాజమహళ్ల ఫోటోలన్నిటికంటే ఇదే గొప్ప పని. మన దగ్గర పరదా లేదు గానీ, ఫోటో తీసే వేళకి వడ్డన దగ్గర మిగిలిపోయేది ఎవరో మీకు తెలుసు. వాళ్లు వచ్చాకే గీతలు సరిచూసుకోండి, రెండు వైపులా కాస్త జాగా వదిలి.

దీన్ దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన స్టూడియో గాజు నెగటివులు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి, 1989లో తీసుకున్నారు.