పెట్టె మీద లయ

పెరూ దేశపు నల్లజాతి ప్రజల సంగీతాన్ని గురించి నా విద్యార్థులకు చాలాకాలం ఒక పొరపాటు మాట చెబుతూ వచ్చాను. ఆఫ్రికానుంచి బానిసలు తెచ్చుకున్న లయలు తరతరాలుగా చెక్కుచెదరకుండా నిలిచాయన్నది నా ఉపన్యాస సారాంశం. వినటానికి ఇంపుగా ఉండేది. చరిత్ర మాత్రం కాదు.

ఆ సంగతి నాకు తెలిసివచ్చింది కహోన్ నేర్చుకోబోయినప్పుడు. కహోన్ అంటే ఉత్త చెక్కపెట్టె. వాద్యకారుడు దానిమీదే కూర్చుని ముందుపలకను చేతులతో మోగిస్తాడు. పలక నడుమ కొడితే గంభీరనాదం, పై అంచున కొడితే పదునైన నాదం. ఇంతవరకు చేతికి త్వరగానే అబ్బింది. లాందో అనే లయ దగ్గర నెలల తరబడి తడబడ్డాను. పన్నెండు మాత్రలను మూడేసి చొప్పున నాలుగు భాగాలుగా లెక్కపెడితే, పాట రెండేసి చొప్పున ఆరుగా నడుస్తున్నట్టుంటుంది. సరేనని లెక్క మార్చుకుంటే పాదం మళ్లీ మూడేసి అంటుంది. రెండు నడకలూ ఒక్కసారే సాగుతాయి. మన తిశ్రగతి ఎరిగి ఉండటం నాకు సగమే సాయపడింది.

ఈ లయ ఎవరి చేతులగుండా వచ్చిందని వెతకబోతే కథ అడ్డం తిరిగింది. 1854లో అధ్యక్షుడు రామోన్ కాస్తీయా బానిసత్వాన్ని రద్దు చేశాడు. సముద్రపక్షుల రెట్టను ఎరువుగా ఎగుమతి చేయగా వచ్చిన ఆదాయంలోంచి నష్టపరిహారం యజమానులకు ముట్టింది; విముక్తులకు భూమి లేదు. తీరప్రాంతపు చెరకు, పత్తి ఎస్టేట్లలోనే చాలామంది మిగిలిపోయారు. ఇరవయ్యో శతాబ్దం నాటికి అనేక పాటలు ముసలివాళ్ల జ్ఞాపకంలో ముక్కలుగా మాత్రమే ఉన్నాయి.

1956లో హొసే దురాంద్ ఆ ముక్కలను లీమా రంగస్థలం మీదికి తెచ్చాడు. తరువాత నికొమేదెస్ సాంతా క్రూస్, ఆయన అక్క విక్టోరియా వాటిని అతికారు. అతుకు దొరకనిచోట సొంత ఊహతో నింపారు. పూర్వుల జ్ఞాపకం శరీరంలోనే ఉంటుందని విక్టోరియా నమ్మింది. లాందో మూలం అంగోలా నాట్యంలో ఉందని నికొమేదెస్ వాదించాడు. తరువాతి పరిశోధకులు అందరూ దాన్ని ఒప్పుకోలేదు.

ఐతే ఇదంతా బూటకమేనా? కొందరు మిత్రులు అలాగే తేల్చేశారు. నేను ఒప్పుకోను. గాడిద దవడ ఎముకను ఎండబెట్టి, వదులైన పళ్లు గలగలలాడేట్టు పిడికిలితో మోగించే వాద్యం ఒకటుంది. దాని బొమ్మ 18వ శతాబ్దంలో ట్రుహీయో బిషప్పు మార్తీనెస్ కొంపాన్యోన్ గీయించిన చిత్రాలలోనే కనిపిస్తుంది. వాద్యం పాతదే. దాని చుట్టూ కూర్చిన మేళం కొత్తది. దొరల ఖాతాలలో బానిస వెలకు చోటున్నది గాని పాటకు లేదు. అలాంటివారి వారసులు మిగిలిన ముక్కలతో మళ్లీ కట్టుకుంటే దాన్ని దొంగసరుకనటం అన్యాయం. దాన్ని ప్రాచీనమనటమూ అన్యాయమే, కట్టినవారి శ్రమ కనపడకుండా పోతుంది.

అంచేత నా పాఠంలో లాందో పక్కన ‘ఆఫ్రికా’ అని రాయటం మానేశాను. ‘లీమా, 1950లు–60లు’ అని రాస్తున్నాను. మొన్న ఒక విద్యార్థి లేచి, అలా రాస్తే వాళ్ల పూర్వులను చెరిపినట్టు కాదా మాస్టారూ, అన్నాడు. ఆ గంటంతా ఆ వాదనతోనే సరిపోయింది.