దుబాసీ ఇంగ్లీషు

పెద్దలారా, మోకిలవారికి పరభాషా కచ్చేరీ క్రొత్త కాదు. నైజాము రాష్ట్రమున దస్త్రములు మొదట పారసీకమునను, 1880 దశాబ్దమునుండి ఉర్దూలోను నడచెను. రైతు మాట మాత్రము తెలుఁగే. నేఁడు మీ మనుమలు గచ్చిబౌలి కంపెనీలలో ఇంగ్లీషున జాబులు వ్రాయుచున్నారు. ఈ దారిని తొలుత నడచిన యొక తెలుఁగువానిఁ గూర్చి చెప్పెదను.

ఒంగోలు వాస్తవ్యుఁడు వెన్నెలకంటి సుబ్బారావుగారు 1784లో జన్మించిరి. కుంపిణీ కొలువులలో పనిచేసి, 1815 మొదలు 1829 వఱకు చెన్నపట్టణపు సదర్ అదాలతులో భాషాంతరీకర్తగాను దుబాసిగాను ఉండిరి. దేశభాషలలోని దస్తావేజులను, వాఙ్మూలములను దొరలకు ఇంగ్లీషున తెలుపుట వారి పని. ఒక్క పదము తప్పెనా, ఒకని పొలము వేఱొకని పాలగును! అట్టి కొలువులో ఆడంబరపుఁ బదములు పనికిరావు. ఉన్నమాట ఉన్నట్లు చెప్పవలెను.

1820లో వారు చెన్నపట్టణ పాఠ్యపుస్తక సంఘమునకు నివేదిక నిచ్చిరి. బాలురు ఏండ్ల తరబడి ఇంగ్లీషు చదివియు, వ్యాకరణము గాని అర్థము గాని ఎఱుఁగకున్నారని వారి యభియోగము. మన నేఁటి బడులలోఁ బెక్కింటికి నీ మాట చెల్లునని నా తలంపు.

సుబ్బారావుగారు 1839లో గతించిరి. వారు వ్రాసికొన్న జీవితకథను 1873లో కుమారుఁడు అచ్చొత్తించెను. అదియు నింగ్లీషుననే యున్నది.