ఖాళీ పంచాయతీ స్థలంలో ఉమ్మడి కూరగాయల తోట: ముందుగా చూసుకోవలసినవి

చాలా గ్రామాల్లో బడి వెనుక, అంగన్‌వాడీ పక్కన, వాటర్ ట్యాంకు కింద పది పదిహేను సెంట్ల జాగా సర్కారు తుమ్మ, వయ్యారిభామతో నిండి ఉంటుంది. మహిళా సంఘం సభ్యులు కలిసి అక్కడ కూరగాయలు, ఆకుకూరలు పండించుకోవచ్చు. అయితే విత్తనం కంటే ముందు కాగితం సరిచూసుకోండి.

స్థలం ఎవరి పేరున ఉందో పంచాయతీ కార్యదర్శి వద్ద, రెవెన్యూ రికార్డుల్లో చూడాలి. చెరువు శిఖం, వాగు పోరంబోకు, శ్మశానం, బాట జోలికి వెళ్లవద్దు. గ్రామ ఉమ్మడి భూముల్లోని ఆక్రమణలను తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలను ఆదేశించింది. మీ ఉద్దేశం ఎంత మంచిదైనా, అనుమతి లేకుండా వేసిన తోటను ఆక్రమణ కింద తీసివేయవచ్చు. సర్పంచ్ గారు నోటితో 'వేసుకోండమ్మా' అన్నది చాలదు. సర్పంచ్ మారితే ఆ మాట నిలవదు.

అందుకే పంచాయతీ తీర్మానం రాయించుకోండి. అందులో సర్వే నెంబరు, విస్తీర్ణం, హద్దులు, సంఘం పేరు, ఎన్నేళ్లకు ఇస్తున్నారు, నీరు ఎక్కడిది, మోటారు కరెంటు బిల్లు ఎవరిది అన్నవి స్పష్టంగా ఉండాలి. మూడేళ్లకు తక్కువైతే కంచె ఖర్చు కూడా గిట్టుబాటు కాదని నా అభిప్రాయం. రేపు అక్కడ భవనం కట్టాల్సి వస్తే, ఉన్న పంట కోసుకునే వరకు గడువు ఇవ్వాలన్న షరతు తప్పక పెట్టించండి. స్థలంపై హక్కు మాత్రం పంచాయతీదే, సంఘానిది కాదు. ఇది సభ్యులందరికీ మొదటి రోజే చెప్పండి. నేల చదును, కంపోస్టు గుంత వంటివి ఉపాధి పనుల్లో పెట్టే వీలుందేమో పంచాయతీలోనే అడగండి.

కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ కింద 4 నుంచి 10 మంది మహిళలు బృందంగా ఏర్పడి బీడు భూములను కౌలుకు తీసుకుని సాగు చేస్తున్నారు. మనకూ ఆ సంఖ్య సరిపోతుంది. ఇరవై మంది ఉంటే పని ఎవరిదో తేలదు.

ఇక నేల సంగతి. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు ఏరివేసి మట్టి పరీక్ష చేయించండి. ఏళ్ల తరబడి చెత్త పోసిన చోట, బ్యాటరీలు, పెయింటు డబ్బాలు తగలబెట్టిన చోట ఆకుకూరలు అసలు వేయవద్దు. సీసం వంటి భార లోహాలు మట్టిలో మిగిలి ఉండవచ్చు, అవి ఆకుల ద్వారా పిల్లల పళ్లెంలోకి చేరతాయి. అలాంటి చోట పూల మొక్కలు పెంచుకోవడం మేలు. మురుగు కాలువ నీరు కూడా పెట్టకూడదు.

మంచి నేల అయితే మీటరు వెడల్పు మళ్లు చేసి, మధ్య నడక దారి వదలండి. తోటకూర 25–30 రోజుల్లో కోతకు వస్తుంది. దాన్ని ఒకేసారి కాకుండా పది రోజుల తేడాతో మడి తర్వాత మడి విత్తండి. బెండ, గోరుచిక్కుడు, వంగ మధ్యలో, బీర, సొర కంచె వెంట పందిరికి. పది సెంట్లకు జీవామృతం: 20 లీటర్ల నీరు, కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు కలిపి, వారంలోపు వాడేయాలి.

నేను చూసినంతలో ఉమ్మడి తోటలు ఎండేది ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో. నీళ్లు ఉంటాయి, మోటారు వేసే వంతే ఎవరిదో తెలియదు. వారానికి వంతుల పట్టిక రాసి అంగన్‌వాడీ గోడకు అంటించండి. దిగుబడి పంపకం, అంగన్‌వాడీకి ఇచ్చే వాటా, అమ్మిన డబ్బు సంఘం పుస్తకంలో ఎప్పటికప్పుడు రాయండి. గడువు పొడిగింపు అడిగేటప్పుడు గ్రామసభకు చూపించడానికి ఆ పుస్తకమే పనికొస్తుంది.