వెలుతురు గీసిన గీతలు



మన గూడేల్లోని సోలార్ పలకను దగ్గరగా చూడండి. సన్నటి వెండి గీతలుంటాయి. ఎండ నుంచి పుట్టిన కరెంటును పోగుచేసేవి అవే. వాటి వెనక రెండొందల ఏళ్ల చరిత్ర ఉంది.

1820లలో ఫ్రాన్స్‌లో నియెప్స్ అనే ఆయన లోహపు రేకు మీద ఒకరకం తారు పూసి ఎండలో పెట్టాడు. వెలుతురు తగిలినచోట తారు గట్టిపడింది. తగలనిచోట నూనెతో కడిగితే పోయింది.

1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ సిలికాన్ సోలార్ సెల్‌ను చూపించింది. మరుసటి ఏడాది అక్కడే ఆండ్రస్, బాండ్ ఈ కిటుకును సిలికాన్ మీదికి తెచ్చారు. అదే ఫొటోలితోగ్రఫీ. పలుచని పొర మీద వెలుతురుకు మారే మందు పూస్తారు. నమూనా అడ్డం పెట్టి లైటు వేస్తారు. కడిగాక, మందు పోయినచోట పొరను కరిగిస్తారు. మన ఫోన్లో చిప్ మీది గీతలూ ఇట్లా వచ్చినవే.

ఇది మనకు అందనిదేం కాదు. స్క్రీన్ ప్రింటింగ్‌లో పెళ్లికార్డులు వేసేవాళ్లు జాలీకి మందు పూసి, లైటు పెట్టి, నీళ్లతో కడుగుతారు. సూత్రం అదే. సోలార్ పలక మీది వెండి గీతల్ని కూడా ఎక్కువగా అలాంటి జాలీతోనే అచ్చేస్తారు.

హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐలో పలుచని పొరల సోలార్ సెల్స్ మీద పరిశోధన జరుగుతోంది. పలక మన గూడేనికి వచ్చింది సరే, దాన్ని తయారుచేసే ల్యాబుకు మనోళ్లు ఎప్పుడు పోతారు? మన ఇళ్లల్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినోళ్లం మనం. ఫిజిక్స్, కెమిస్ట్రీ మనకు రావని ఎవరన్నా అంటే నమ్మొద్దు. డౌట్లుంటే ఇక్కడే అడగండి, కలిసి చదువుదాం.