దిద్దేవారు, బోధించేవారు

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో ఏర్పడిన విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయాన్ని నమూనాగా తీసుకుని, పాఠం చెప్పే పనిని కళాశాలలకు వదిలి, పరీక్షలు జరిపి పట్టాలిచ్చే పనిని మాత్రం తమ చేతిలో ఉంచుకున్నాయి. అనుబంధ వ్యవస్థగా పేరుపడిన ఈ ఏర్పాటులో డిగ్రీ విద్యార్థి జవాబుపత్రం దిద్దేది అతనికి చదువు చెప్పిన అధ్యాపకుడు కాదు, ముఖమెరుగని పరీక్షకుడు. 1918లో హైదరాబాదులోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసినా, అదే నగరంలోని నిజాం కళాశాల 1947 దాకా మద్రాసుకే అనుబంధంగా ఉండి అక్కడి పరీక్షలకే తన విద్యార్థులను పంపిందంటే ఆ పద్ధతి ఎంత లోతుగా వేళ్లూనుకుందో ఊహించవచ్చు.

స్నాతకోత్తర విద్య, అంటే డిగ్రీ తరువాతి చదువు, మరో దారి పట్టింది. విశ్వవిద్యాలయాలు స్వయంగా బోధన, పరిశోధన చేపట్టేందుకు 1904 నాటి భారత విశ్వవిద్యాలయాల చట్టం వీలు కల్పించగా, కలకత్తా విశ్వవిద్యాలయ మాజీ ఉపకులపతి ఆశుతోష్ ముఖర్జీ పూనికతో 1917లో కలకత్తాలో ఆ స్థాయి బోధన విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా కొన్నేళ్లకే వాల్తేరులో సొంత శాఖలు తెరిచింది. పాఠం చెప్పిన ఆచార్యుడికే దిద్దే అధికారంలో వాటా దక్కడంతో, విద్యార్థి ఒక అంశంపై స్వయంగా పరిశీలించి రాసే సిద్ధాంత వ్యాసానికీ, దాన్ని ఎదురుగా కూర్చుని సమర్థించుకోవలసిన మౌఖిక పరీక్షకూ చోటు దొరికింది. డిగ్రీ స్థాయిలో వేల పత్రాలు దిద్దే పరీక్షకుడికి ఇటువంటి తీరిక ఏనాడూ లేదు.

అయినా గురువు మీద నమ్మకం పూర్తిగా కుదరలేదనే చెప్పాలి. అనేక విశ్వవిద్యాలయాలు స్నాతకోత్తర పత్రాలకు రెండు మూల్యాంకనాల పద్ధతి పెట్టుకున్నాయి: హాల్‌టికెట్ నంబరు ఉన్న ముక్కను చింపి, సంకేత సంఖ్య వేసి, మొదటి పరీక్షకుడు వేసిన మార్కులు రెండోవారి కంటబడకుండా వేరే కాగితంలో నమోదు చేయిస్తారు, ఇద్దరి మధ్య తేడా నిర్ణీత పరిమితి దాటితే పత్రం మూడోవారి దగ్గరికి వెళుతుంది. సంఖ్యాబలం వల్ల ఈ జాగ్రత్త డిగ్రీకి అందలేదు. అక్కడ ఒక్కరే దిద్దుతారు, అనుమానమున్న విద్యార్థి రుసుము కట్టి పునర్మూల్యాంకనం కోరుకోవలసిందే. సంఖ్య పెరిగితే న్యాయం పొందే ఖర్చు విద్యార్థి మీద పడడం ఈ చరిత్రలో మెచ్చదగ్గ భాగం కాదు.

విశ్వవిద్యాలయ విద్యలో ఒకే ఒక సంస్కరణ సూచించవలసి వస్తే అది పరీక్షలదేనని 1948–49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ తేల్చింది. ఆ తరువాత సెమిస్టర్లూ, గ్రేడ్లూ, అంతర్గత మార్కులూ వచ్చాయి గాని, అనుబంధ కళాశాలల్లో డిగ్రీ మార్కుల్లో పెద్ద వాటా ఇప్పటికీ, పత్రాలను ఒకచోట చేర్చి దిద్దించే స్పాట్ వాల్యుయేషన్ కేంద్రంలోనే పడుతోంది.