ధర్మానంద కోశాంబిగారి తొలి ప్రయాణము



బౌద్ధమనగానే మన పల్లెలలోని పెద్దలకు రెండు సంగతులు స్ఫురించును. ఒకటి, అర్ధరాత్రమున భార్యను, పసికందును విడిచి వెడలిపోయిన సిద్ధార్థుని కథ. రెండవది, పొలము దున్నునపుడు నాగటికి తగులు పెద్ద యిటుకలు, పాలరాతి ముక్కలు. మొదటిది పురాతనము, రెండవది శిథిలము. ఒక గురువు, ఒక సంఘము, ఒక దినచర్య గల సజీవమైన బౌద్ధము మన దేశమున మిక్కిలి అరుదైపోయిన కాలములో, దానిని వెదకుకొనుచు బయలుదేరిన యొక గృహస్థుని చరిత్రమును నేడు మనవి చేయుదును. ఆయన పేరు ధర్మానంద కోశాంబి.

ఆయన 1876లో గోవాలోని యొక పల్లెలో జన్మించెను. ఆనాడు గోవా పోర్చుగీసువారి యేలుబడిలో నుండెను. సారస్వత బ్రాహ్మణ కుటుంబము, కొబ్బరితోట జీవనాధారము, బడిచదువు స్వల్పము. చిన్ననాటనే వివాహమయ్యెను. తుకారాము అభంగములు చదువుకొనుచు కాలము గడుపుచున్న ఆ యువకునికి ‘బాలబోధ’ యను మరాఠీ మాసపత్రికలో బుద్ధుని జీవితము సంగ్రహముగా కనబడెను. అది పిల్లల పత్రిక యని గమనింపుడు. నేను బహుకాలము బడిలో పాఠములు చెప్పినవాడను గనుక ఈ సంగతి నాకు ముచ్చట గొల్పును. పిల్లలకని వ్రాసిన నాలుగు పుటలు ఎవరి చేతికి పోయి యేమి చేయునో వ్రాసినవా డెరుగడు.

చదివినంతనే ఆయన బౌద్ధుడు కాలేదు. కాదలచినను త్రోవ చూపువారు ఆ ప్రాంతమున లేరు. సంస్కృతము నేర్చినచో బుద్ధుని మాట తెలియునని తలచి, తండ్రి గతించిన మరుసటి యేట, 1899లో, ఇల్లు విడిచి పూనా చేరెను. ఇంట భార్య బాలాబాయి, అప్పుడే పుట్టిన కుమార్తె యుండిరి.

ఇచ్చట నేను కొంచెమాగవలసియున్నది. ఇట్టి వైరాగ్యమును పొగడుట సులభము. కాని ఆడపిల్లలను కని పెంచిన నాబోటివాడు ఆ యింటి గడపలో నిలిచిపోయిన యిల్లాలిని తలపక ఆ పొగడ్త పలుకలేడు. బౌద్ధ వినయమే యీ బాధను గుర్తించినది. చిన్నవాడైన రాహులునికి ప్రవ్రజ్య యిచ్చినపుడు తాతయగు శుద్ధోదనుడు బుద్ధునికడ కేగి, కుమారుడు పోయిన దుఃఖమునకు తోడు మనుమడును పోయెనని మొరపెట్టెననియు, అంతట తల్లిదండ్రుల యనుమతి లేనివానికి దీక్ష యీయరాదని బుద్ధుడు నియమము చేసెననియు వినయ గ్రంథములలో నున్నది. అప్పులున్నవానిని, రాజు కొలువులోని భటుని కూడ చేర్చుకొనరాదు. ఎగవేతకు కాషాయము చాటు కారాదని దాని భావము. భార్య సమ్మతిని మాత్రము ఆ ప్రశ్నలలో చేర్చలేదు. ఆ లోటు నాకు లోటుగానే తోచును.

పూనాలో రామకృష్ణ గోపాల భాండార్కరుగారి యాదరము కోశాంబికి లభించెను. అచ్చటినుండి గ్వాలియరు మీదుగా కాశి చేరెను. కాశిలో అన్నసత్రమున భోజనము, పండితులకడ వ్యాకరణము. వారములు చేసికొని చదివిన మన పూర్వులకు ఈ బ్రతుకు వేరుగా చెప్పనక్కరలేదు. బ్రాహ్మణ సత్రములో తిన్న మెతుకులే ఆయనను బౌద్ధమునకు కొనిపోయినవి! వైదిక ధర్మమును బౌద్ధమును పాము ముంగిసలుగా చెప్పువారు ఈ విషయమును ఆలోచింపవలెను.

1902లో నేపాళమున కేగెను. బుద్ధుడు పుట్టిన సీమలో బౌద్ధము నిండుగా నుండునని ఆశించెను గాని, అచ్చట కనబడినది ఆయన మనసునకు రుచింపలేదు. పిదప బుద్ధగయ చేరెను. ఆ యాలయము అప్పుడు శైవ మహంతు వశములో నుండెను. పాళి చదువవలెనన్నను సంఘములో చేరవలెనన్నను సింహళమునకు పొమ్మని చెప్పినవారి మాట విని, దక్షిణమునకు దిగి, సముద్రము దాటి కొలంబో చేరెను.

అశోకుని కాలమున మహేంద్రుడు సింహళమునకు ధర్మమును కొనిపోయెనని వారి వంశచరిత్రలు చెప్పుచున్నవి. ఇప్పుడు దానికై మనవాడు అచ్చటికి పోవలసివచ్చెను. మన కృష్ణాతీరమునకును సింహళమునకును పాత చుట్టరికమున్నది. 3వ శతాబ్దిలో, ఇక్ష్వాకు రాజుల కాలమున, నాగార్జునకొండలో బోధిశ్రీ యను ఉపాసిక సింహళదేశపు ఆచార్యులకొరకు చైత్యగృహము కట్టించినట్లు శాసనమున్నది. అచ్చట సీహళ విహారమను పేరుగల విహారమును కలదు. 1960ల తరువాత ఆ లోయ జలాశయములో మునిగినను, అచ్చటి శిల్పములను నేడును కొండమీది ప్రదర్శనశాలలో చూడవచ్చును.

కొలంబోలో 1873లో హిక్కడువే సుమంగళ స్థవిరుడు స్థాపించిన విద్యోదయ పరివేణమను విద్యాపీఠమున్నది. అచ్చట ఆ స్థవిరునికడనే కోశాంబి 1902లో శ్రామణేరుడయ్యెను. శ్రామణేరుడనగా భిక్షువు కాకముందటి తొలిమెట్టు. ఆ విధి మిక్కిలి సరళము. తల గొరిగించుకొని, కాషాయము ధరించి, బుద్ధ ధర్మ సంఘములను మూడుమారులు శరణుజొచ్చి, పది శీలములను స్వీకరింపవలెను. మధ్యాహ్నము దాటిన పిదప భుజింపరాదు, బంగారు వెండి తాకరాదు, ఆటపాటలు, పూలు, గంధము, ఎత్తైన శయ్య కూడవు. హోమము లేదు, కులగోత్రముల ప్రశ్న లేదు. పూర్ణ భిక్షుత్వమునకు మాత్రము సంఘము కూడి యంగీకరింపవలెను. మధ్యదేశమున పదిమంది భిక్షువులు, ప్రత్యంత దేశములలో అయిదుగురైనను ఉండవలెనని నియమము. ఎంతటి జ్ఞానియైనను తనకు తానే భిక్షువు కాజాలడు.

పిమ్మట పాళి. ఆ భాషకు స్వంత లిపి లేదు. సింహళమున సింహళ లిపిలో, బర్మాలో బర్మా లిపిలో వ్రాసికొందురు. సంస్కృతము వచ్చినవానికి భాష కష్టము కాదు. ధర్మము ధమ్మమగును, మార్గము మగ్గమగును. తద్భవములు నేర్చిన మన తెలుగు విద్యార్థికి ఇందలి కీలకము ఒక పూటలో బోధపడును. అలవాటు లేని తిండి, అలవాటు లేని భాష నడుమ కొంతకాల మచ్చట చదివి, మదరాసు వచ్చి, 1904లో బర్మాకు పోయి, భిక్షుదీక్ష గైకొని, ధ్యానాభ్యాసము చేసెను. గోవా విడిచి అప్పటికి అయిదేండ్లు.

1906లో ఆయన చీవరము విడిచెను. మనలో సన్న్యసించి మరలినవానిని ఆరూఢపతితుడని నిందింతురు. థేరవాద సంఘమున విధ్యుక్తముగా దీక్ష విడిచినవానికి ఆ నింద లేదు. ఉపాసకుడై ధర్మము నాచరింపవచ్చును. కోశాంబి కలకత్తాలో పాళి యధ్యాపకుడై, ఆలుబిడ్డలను మరల చేరెను. 1907లో కుమారుడు పుట్టెను. గణితమునను భారత చరిత్రమునను పేరుపొందిన దామోదర ధర్మానంద కోశాంబి యతడే. మహారాష్ట్రమున నుండి గ్రంథరచన చేయుటకై బరోడా ప్రభువు సయాజీరావు గాయక్వాడు నెలకు 50 రూపాయలిచ్చుట కంగీకరింపగా, కలకత్తా విశ్వవిద్యాలయపు కొలువును వదలుకొనెను. ఆ యింట రెండవమారు త్యాగము చేసినదియు బాలాబాయియే యని నా తలంపు. తన కథను ఆయన ‘నివేదన్’ అను పేరుతో మరాఠీలో వ్రాసికొనెను.

1910లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము ఆయనను పిలిపించెను. వారెన్ అను పండితుడు ‘విసుద్ధిమగ్గ’ పాళి గ్రంథమును పరిష్కరించుచు 1899లో, అనగా మన కోశాంబి యిల్లు విడిచిన యేటనే, గతించియుండెను. మిగిలిన పని యీయన చేతికి వచ్చెను. పలుమార్లు సముద్రములు దాటి చేసిన ఆ కృషి వెలువడుటకు చాల యేండ్లు పట్టెను. ఈలోగా 1940లో బొంబాయిలో తన స్వంత పరిష్కరణమును నాగరి లిపిలో ప్రకటించెను. 1947 జూన్ నెలలో, సేవాగ్రామములో, వార్ధక్యమున ఆహారము విసర్జించి దేహము చాలించెను. హార్వర్డు ప్రతి 1950లో అచ్చయ్యెను.

ఆ గ్రంథకర్త బుద్ధఘోషుడు. గ్రంథాంతమున ఆయన యూరు మోరండఖేటకమని యున్నది. మోర మనగా నెమలి, అండమనగా గ్రుడ్డు. అది నెమలి, గుండ్ల యను పేర్లతో గుంటూరు సీమలోనున్న గ్రామముల ప్రాంతమై యుండునని కొందరు పండితులు తలచిరి. ఆ ప్రాంతపు శ్రోతలలో నెవరైనను తమ యూరి పాత దిబ్బలను గూర్చి, పాత పేర్లను గూర్చి పెద్దలవలన వినియున్నచో, వ్రాసి భద్రపరుపవలసినదిగా కోరుచున్నాను.