గాలిలో వేళ్ళు: థెరెమిన్, క్లారా రాక్‌మోర్, జాలరిపేట నాటకం

1929లో అమెరికాలో ఆర్.సి.ఏ. కంపెనీ ఒక కొత్త వాద్యాన్ని అమ్మకానికి పెట్టింది. దానికి తీగల్లేవు, మెట్లు లేవు, ఊదే గొట్టం లేదు. ఒక చెక్కపెట్టె, దానిమీద నిలువుగా ఒక లోహపు కడ్డీ, పక్కన ఉంగరంలా వంచిన మరో కడ్డీ, అంతే. వాటి దగ్గర చేతులు కదిలిస్తే చాలు, శబ్దం వస్తుంది. తాకనక్కర్లేదు. కూనిరాగం తీయగలిగిన వాళ్ళెవరైనా వాయించెయ్యొచ్చని ప్రకటనలు ఊదరగొట్టాయి. తయారైనవి సుమారు 500. కొన్నవాళ్ళకు ఇంటికి తెచ్చుకున్నాక తెలిసింది, కూనిరాగం కాదు కదా, ఒక్క స్వరాన్ని నిలబెట్టడమే కష్టమని. ఆ ఏడాదే స్టాక్ మార్కెట్ కూలిపోవడం మరో దెబ్బ. థెరెమిన్ అనే ఆ వాద్యం దుకాణాల్లోంచి మాయమైంది.

దానితో నాకు పని పడింది విశాఖపట్నం పెద జాలరిపేటలో. అక్కడి ఆడపిల్లలు కొందరు ఒక నాటకం తయారుచేస్తున్నారు. వేటకెళ్ళి తిరిగిరాని మగవాళ్ళ గురించి కాదు, ఆ తర్వాత గంప నెత్తికెత్తుకున్న ఆడవాళ్ళ గురించి. ఒక దృశ్యంలో మాటలుండవు. సముద్రం వైపునుంచి ఒక గొంతులాంటిది వినబడాలి. "దెయ్యం సినిమాల్లో ఊ... అని వస్తది కదా మేడమ్, అలాటిది" అన్నారు. వాళ్ళు నోటితో చేసి చూపించింది అచ్చం థెరెమిన్ శబ్దమే. వాద్యం కొనే స్తోమత మా బృందానికి లేదు, కంప్యూటరుంది. దాంతోనే చేద్దామని కూర్చున్నాను. ఎలక్ట్రానిక్స్ పుస్తకాలతో మొదలుపెట్టిన దాన్ని, కొద్దిరోజులకే ఒక స్త్రీ చేతివేళ్ళ వెంట వెళ్ళాల్సి వచ్చింది.

యంత్రం సూత్రం కష్టమైనదేం కాదు. పెట్టెలో రెండు విద్యుత్ కంపనాలు పుడతాయి. రెండూ సెకనుకు లక్షల్లోనో, లక్షకు దగ్గరలోనో ఉంటాయి గనుక మన చెవికి అందవు. ఒకటి స్థిరంగా ఉంటుంది. రెండోదాన్ని మన చెయ్యి మారుస్తుంది. మన ఒంట్లో కూడా విద్యుత్తు నిలుస్తుంది కాబట్టి నిలువు కడ్డీకి చెయ్యి దగ్గరయ్యేకొద్దీ ఆ కంపనం మారిపోతుంది. రెండింటి మధ్య తేడా మాత్రం మనకు వినబడేంత తక్కువ. ఆ తేడాయే స్వరం. కుడిచెయ్యి శ్రుతిని నడిపిస్తే ఎడమచెయ్యి ఉంగరపు కడ్డీమీద ధ్వనిని పెంచుతుంది, తగ్గిస్తుంది. అంటే వాయించే మనిషి దేహమే ఆ సర్క్యూట్‌లో ఒక భాగం. తల ఊపినా, ఒళ్ళు కదిలినా శ్రుతి పోతుంది.

దీన్ని కనిపెట్టిన లెవ్ తెర్మెన్, అంటే పాశ్చాత్యుల లియోన్ థెరెమిన్, గురించి చాలా రాశారు. 1922లో లెనిన్‌కి వాయించి చూపించడం, 1927లో అమెరికా చేరడం, 1938లో సోవియట్ రష్యాకి వెళ్ళి నిర్బంధంలో పడడం, 1945లో అమెరికా రాయబారికి బహూకరించిన కొయ్య ముద్రలో దాగిన రహస్య శ్రవణ పరికరం అతని తయారీయే కావడం... అంతా సినిమా కథే. ఆ కథలో అతని భార్య లావీనియా విలియమ్స్‌కి మాత్రం ఒకటో రెండో వాక్యాలు దక్కుతాయి. ఆమె నల్లజాతి బాలే నర్తకి. ఆ పెళ్ళి చేసుకున్నందుకు న్యూయార్కు పెద్దమనుషులు అతనికి తలుపులు మూసేశారు. 1938 తర్వాత ఆమె అతన్ని మళ్ళీ చూడలేదు. తర్వాతి కాలంలో హైతీ వెళ్ళి నాట్యం నేర్పింది. ఆమె గురించి విడిగా ఎవరైనా రాయాలి.

నా పని క్లారా రాక్‌మోర్‌తో. 1911లో విల్నియస్‌లో పుట్టింది. నాలుగైదేళ్ళ వయసులోనే సెంట్ పీటర్స్‌బర్గ్ సంగీత కళాశాలలో వయొలిన్‌కి చేర్చుకున్నారు. 1921లో కుటుంబం రష్యా వదిలింది. పసితనపు ఆకలి ఎముకలకు చేసిన చెరుపు వల్ల యవ్వనంలోకి వచ్చేసరికి వయొలిన్ కమాను పట్టలేని స్థితి వచ్చింది. చేతికి భారం లేని వాద్యం దొరికేదాకా సంగీతం ఆగిపోయినట్టే. అలా థెరెమిన్ దగ్గరికి వచ్చింది.

వచ్చి అతనిచ్చింది అతనిచ్చినట్టు వాయించలేదు. మూడు స్థాయిల విస్తృతి చాలదు, ఐదు కావాలంది. ఎడమచేతికి ధ్వని ఇంకా వేగంగా స్పందించాలంది, లేకపోతే విడివిడి స్వరాలు పలకవు. పెట్టె ఎత్తు తగ్గించమంది, సభకు తాను కనబడాలని. అతను ఆమెకోసం ప్రత్యేకంగా మరో థెరెమిన్ తయారుచేశాడు. వాద్యానికి అతని పేరుంది. వాద్యాన్ని సంగీతానికి పనికొచ్చేలా చేసిన ఈ కోరికలకు పేటెంట్లుండవు కదా. 1934 అక్టోబరులో న్యూయార్క్ టౌన్ హాల్లో ఆమె తొలి కచేరీ జరిగింది. పాల్ రాబ్సన్‌తో కలిసి ఊరూరా తిరిగింది. ఆమె మొదటి రికార్డు మాత్రం 1977లో గానీ రాలేదు, అప్పటికామెకు 66 ఏళ్ళు. దాన్ని నిర్మించింది రాబర్ట్ మూగ్, షర్లీ మూగ్ దంపతులు. పియానో సహకారం అక్క నాడియా రైజెన్‌బర్గ్.

నేను ప్యూర్ డేటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాను. శుద్ధమైన సైన్ తరంగం ఒకటి, దానికి రెండు రెట్లు, మూడు రెట్లు కంపనాలున్న తరంగాలు కాస్త పల్చగా కలిపితే థెరెమిన్ రంగు వచ్చేస్తుంది. మౌస్ ఎడమనుంచి కుడికి జరిపితే శ్రుతి, కిందనుంచి పైకి జరిపితే ధ్వని. ఇక్కడొక మెలిక ఉంది. స్వరస్థాయి ఒకటి పెరిగితే కంపనాలు రెట్టింపవుతాయి: 220, 440, 880. కంపనాలను మౌస్ దూరానికి సరిసమానంగా పంచితే కిందిస్థాయి అంతా ఓ మూల ఇరుక్కుంటుంది, పైస్థాయి మైదానంలా పరుచుకుంటుంది. కాబట్టి దూరాన్ని రెట్టింపుల లెక్కలో పంచాలి. మౌస్ మెట్లుమెట్లుగా కదులుతుంది గనుక ఆ మెట్ల మధ్య సెకనులో నలభయ్యో వంతు నునుపు చెయ్యాలి. ఇదంతా ఒక సాయంత్రం పని. అచ్చం థెరెమినే, కానీ సంగీతం కాదు. ఆర్.సి.ఏ. వాళ్ళు అమ్మింది కూడా ఇదే అనుకుంటాను.

క్లారా రికార్డు పెట్టుకుని, శబ్దాన్ని బొమ్మగా చూపించే మరో సాఫ్ట్‌వేర్‌లో గీతలు చూశాను. ఆమె రాక్మనినోవ్ రాసిన మాటల్లేని పాట 'వోకలీజ్' వాయిస్తుంది. సాగే గీతలే ఉంటాయనుకున్న చోట మెట్లున్నాయి. చెయ్యి ఒక స్వరంనుంచి మరోదానికి జరిగే క్షణంలో ఎడమచెయ్యి ధ్వనిని ముంచేస్తుంది, చేరగానే లేపుతుంది. జారుడు జరుగుతూనే ఉంటుంది, మనకు వినబడదు. కుడిచెయ్యి మొత్తం కదలదు. మూసిన పిడికిలినుంచి ఒక్కో వేలు విప్పుతూ ఒక్కో స్వరం దూరాన్ని కొలిచే పద్ధతి ఆమె తయారుచేసుకుంది. ఏమీ లేని గాలిలో మెట్లు కట్టుకుంది. స్వరం చేరిన తర్వాత కాసేపటికి, వెంటనే కాదు, సెకనుకు ఐదారు సార్లు చిన్న వణుకు మొదలవుతుంది. పాశ్చాత్యులు వైబ్రాటో అంటారు. ఆ వణుకు లోతు ఏ రెండు స్వరాల్లోనూ ఒకటి కాదు.

ఇవన్నీ ప్రోగ్రాంలో రాయడానికి నాకు నెల పైగా పట్టింది. తరంగానికి ఒక సాయంత్రం, ఆమె చేతికి నెల! 2016 మార్చి 9న, ఆమె 105వ జయంతికి, గూగుల్ తన మొదటి పేజీలో ఆమె బొమ్మ పెట్టి, మౌస్ కదిపి థెరెమిన్ వాయించే ఆట ఇచ్చింది. సరదాగానే ఉంది. ఆ 1929 ప్రకటన ఇన్నాళ్ళకు ఇలా నిజమైందన్నమాట.

పిల్లలు 'దెయ్యం' అన్నారు కదా, ఆ దెయ్యం ఎక్కడినుంచి వచ్చింది? 1945లో హిచ్‌కాక్ 'స్పెల్‌బౌండ్' సినిమాకు మిక్లోష్ రోజా మనిషి మనసు పట్టుతప్పే చోట థెరెమిన్ పెట్టాడు. వాయించింది శామ్యూల్ హాఫ్‌మన్ అనే పాదాల వైద్యుడు. 1951లో 'ద డే ద ఎర్త్ స్టుడ్ స్టిల్'తో అది గ్రహాంతరవాసి గొంతయింది. క్లారా కచేరీ సంగీతం వదలలేదు. అయినా ప్రపంచం చెవిలో నిలిచింది ఆమె థెరెమిన్ కాదు, సినిమాలది. మన దగ్గరా ఇలాంటిదే జరిగింది. 1954 హిందీ 'నాగిన్'లో నాగస్వరంగా మనం విన్నది పాములవాడి బూర కాదు, క్లావియోలిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం. వాయించింది కల్యాణ్‌జీ. మన సినిమాల తెల్లచీర, అర్ధరాత్రి, మాటల్లేని ఆలాపన గురించి చెప్పనే అక్కర్లేదు. మాటల్లేని ఆడగొంతు అంటే పాము, పిచ్చి, ప్రేతం. మాటల్లేని మగగొంతుకి ఇలాంటి జాబితా నాకు తట్టలేదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. 1966 నాటి 'స్టార్ ట్రెక్' టీవీ ధారావాహిక మొదట్లో వచ్చే శబ్దాన్ని ఇప్పటికీ చాలామంది థెరెమిన్ అనుకుంటారు. అది లౌలీ జీన్ నార్మన్ అనే గాయని గొంతు. ఆ బాణీకి నిర్మాత జీన్ రాడెన్‌బెరీ తర్వాత సాహిత్యం రాశాడు. ఆ ధారావాహికలో ఎన్నడూ ఎవరూ పాడని ఆ సాహిత్యం పేరుతో బాణీ రాయల్టీలో సగం తీసుకున్నాడు. లేని మాటలకు హక్కుదారు ఉన్నాడు. ఉన్న గొంతును జనం యంత్రం ఖాతాలో వేశారు.

ఇంకో దారి కూడా ఉంది, మన దేశంలోకి వచ్చేది. రాబర్ట్ మూగ్ కుర్రతనంలో థెరెమిన్ కిట్లు అమ్ముతూ ఎదిగి సింథసైజర్ దాకా వెళ్ళాడు. ఆ మూగ్ సింథసైజర్ 1969లో అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థకు వచ్చింది, డేవిడ్ ట్యూడర్ దాన్ని అక్కడ నెలకొల్పాడు. దానిమీద పనిచేసిన కొద్దిమందిలో గీతా సారాభాయ్ ఉంది. 1946లో న్యూయార్క్‌లో జాన్ కేజ్‌కి భారతీయ సంగీతం నేర్పింది ఆమే. సంగీత చరిత్రల్లో ఎక్కువగా 'కేజ్‌కి చెప్పిన స్నేహితురాలు'గానే కనబడుతుంది. ఆమె సొంత ఎలక్ట్రానిక్ రచనలు ఆ సంస్థ భాండారంలో టేపుల్లో ఉండిపోయాయి. పాల్ పర్గస్ వెతికి తీస్తే 2023లో బయటికొచ్చాయి. ఆమె 2011లో పోయింది.

జాలరిపేటకి వస్తాను. క్లారా పద్ధతిలో చేసిన స్వరాలు పిల్లలకు వినిపిస్తే మర్యాదగా బాగుందన్నారు. నాకే బాగనిపించలేదు. క్లారా నేర్చిన బడిలో జారుడు ఒక దోషం, దాచిపెట్టాల్సింది. వీణమీద తీగ లాగి గమకం పలికించే మన చెవికి జారుడే స్వరం. చిట్టిబాబు వీణతో కోయిలను పలికించింది దానితోనే కదా. పైగా మా నాటకానికి కావలసిన గొంతు కచేరీది కాదు. పొద్దున్నే పేటలోంచి బయల్దేరి వీధుల్లో చేపలమ్మే ఆవిడ కేక మొత్తం జారుడే. 'వంజరం' అన్న మాటలో చివరి అక్షరం ఒక స్థాయి దాకా ఎగబాకి, అక్కడ నిలబడకుండా తెగిపోతుంది. నాలుగో అంతస్తు వరకూ చేరాలి, గొంతు అలిసిపోకూడదు. ఎన్నో ఏళ్ళ అనుభవంతో తీర్చుకున్న రూపమది. ఆవిడ అనుమతి తీసుకుని కేకను రికార్డు చేశాను. ఊరికే ఇవ్వలేదు, ఆ పూట బేరం పోయినందుకు డబ్బు తీసుకుంది. తీసుకోవాలి కూడా.

ఆ కేక గీతను ప్రోగ్రాంకి ఎక్కించి, ఎడమచేతి ముంపు తీసేసి, జారుడంతా వినబడనిచ్చాను. సైన్ తరంగం, పల్చటి పైకంపనాలు, క్లారా దగ్గర నేర్చిన ఆలస్యపు వణుకు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండుసార్లు వింది.

"ఏటమ్మా ఇది, అమ్ముతున్నట్టు నేదు, ఏడుత్తున్నట్టుంది."

మళ్ళీ గీతలు పక్కపక్కన పెట్టి చూశాను. ఎక్కుడు అదే, తెగడం అదే. ఆవిడ కేకలో వణుకు మాత్రం లేదు. గీత సూటిగా, బాణంలా ఉంది. వైబ్రాటో లోతును కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోయాను. సగానికి తెచ్చినా ఏడుపే. పదో వంతుకు తెచ్చినా ఎక్కడో ముక్కు చీదినట్టుంది. మనం ఆడగొంతులో విషాదం అని వింటున్నది సెకనుకు ఐదారు సార్ల ఈ చిన్న కదలికేనా? పూర్తిగా సున్నా చేశాక శబ్దం కరుకైపోయింది, అందం పోయింది. నాటకం దర్శకత్వం చేస్తున్న అమ్మాయి విని, "ఇది దెయ్యంలా లేదు మేడమ్" అంది నిరాశగా. చేపలావిడ దానికి జవాబివ్వలేదు. చివర్లో కేక తెగేచోట ఇంకా తొందరగా తెగాలని, లేకపోతే ఊపిరి చాలదని చెప్పింది. అక్కడ సెకనులో ఐదో వంతు కోసేశాను.